దాచిన మూత

నాగదుర్గాప్రసాద్ పొద్దున్నే కంప్యూటర్ ముందు కూర్చుని చేసే మొదటి పని తోడల్లుడు గీసిన మిషన్ పార్టులన్నీ మాయం చెయ్యడం. మౌసు తీసుకెళ్ళి మూత మీద పెట్టి కుడి బటన్ నొక్కుతాడు. దాచెయ్. మూత పోయింది. కాయలు జారే తొట్టి మీద పెడతాడు. దాచెయ్. అదీ పోయింది. ఆఖరికి తెరమీద తన ఫ్రేమూ, తన రోలర్లూ, తన ముళ్ళూ మాత్రం మిగులుతాయి. అప్పుడు కుర్చీలో వెనక్కి వాలి, హమ్మయ్య అనుకుని, టీ తెమ్మని కేకేస్తాడు. నలభై దాటిన మనిషి, ఇద్దరు పిల్లల తండ్రి, చేసే నిర్వాకం ఇదీ.

అమలాపురంలో ఎర్రవంతెన దాటాక కాలవగట్టున ఉన్న ఆ షెడ్డు అతని మావగారు బంగారరాజుగారిది. కొబ్బరికాయ మీది పీచు డొక్క ఒలిచే మిషన్లు చేస్తారక్కడ. రెండు ఇనప రోలర్లు, వాటి ఒంటినిండా ముళ్ళు, ఒకదానికి ఎదురుగా ఒకటి తిరుగుతుంటాయి. పైన కాయ పెడితే ముళ్ళు డొక్కలో దిగబడి చీల్చి కిందికి లాగేస్తాయి. డొక్కేదో వేలేదో ముళ్ళకేం తెలుసు? అందుకే రోలర్ల మీద ఒక మూత, ఆ మూతకి ముందువైపు కిందికి వంచిన రేకు. కాయ పట్టేంత సందే గాని చెయ్యి దూరేంత సందు లేకుండా కాచేది ఆ వంపు రేకే.

ప్రసాద్ పెద్దల్లుడు. పెళ్ళయిన కొత్తలోనే హైదరాబాదు ఉద్యోగం మానేసి వచ్చి, చేత్తో గీసిన పాత బొమ్మలన్నిటినీ కంప్యూటర్లోకి ఎక్కించాడు. షెడ్డులో అతని మాటకి ఎదురుండేది కాదు. అలా హాయిగా సాగిపోతుండగా చిన్నల్లుడు యశ్వంత్ ఖతార్లో డ్రాఫ్ట్స్‌మన్ ఉద్యోగం చాలించుకుని దిగాడు. మావగారు మురిసిపోయి ఇంకో కంప్యూటర్ కొని, ప్రసాద్ బల్లకి ఎదురుగానే ఇంకో బల్ల వేయించారు. ఎదురుగా వెయ్యడమేమిటండీ అసలు? గది చిన్నదైతే మాత్రం, గోడవైపు తిప్పి వేయిస్తే ఇంత రాకపోను.

మొదట్లో అంతా బాగానే ఉంది. "అన్నయ్యగారూ" అంటే "తమ్ముడూ" అనుకున్నారు. ఆ ఏడు దసరా ఆయుధపూజ రోజున, అందరూ పులిహోర తింటుండగా యశ్వంత్ ఊరుకోలేక ఓ మాటన్నాడు.

"అన్నయ్యగారి డ్రాయింగు చూసి మిషన్ చెయ్యాలంటే ముందు దాని జాతకం చూపించుకోవాలండోయ్!"

వెల్డర్లు ఘొల్లుమన్నారు. షెడ్డు మేస్త్రీ ఏసుపాదానికి పొలమారింది. ఆఖరికి బంగారరాజుగారు కూడా మీసాల్లో నవ్వారు. ప్రసాద్‌కి తల కొట్టేసినట్టయింది. పులిహోర పొట్లం అక్కడే వదిలేసి చేతులు కడుక్కుని వెళ్ళిపోయాడు. యశ్వంత్ ఆ సాయంత్రమే వచ్చి ఓ ముక్క అనేస్తే పోయేది. అనలేదు. "వేళాకోళానికి కూడా అలిగితే ఎలా?" అని భార్య శ్రీదుర్గతో అన్నాడట. ఆ మాట అక్కచెల్లెళ్ళ ఫోన్లలో తిరిగి తిరిగి ప్రసాద్ చెవిన పడింది. అంతే, మాటలు బంద్.

బంద్ అంటే మామూలు బంద్ కాదు. ఏం చెప్పాలన్నా మధ్యలో ఇంకో మనిషి ఉండాల్సిందే. "ఏసుపాదం, ఎదురు బల్లాయన ఫైలు మూసేస్తే నేను సేవ్ చేసుకుంటానని చెప్పు." ఎదురు బల్లాయన నాలుగడుగుల దూరంలోనే ఉంటాడు. వినపడుతుంది. వినపడనట్టు మొహం కిటికీవైపు తిప్పి, ఏసుపాదం మళ్ళీ చెప్పాక మాత్రమే విన్నట్టు తలూపుతాడు. రానురాను ఇద్దరికీ అదో విద్యలా అబ్బింది. ఒకరి గొంతు లేస్తే రెండోవాడి మొహం దానంతటదే పక్కకి తిరిగిపోయేది. పరాయివాళ్ళు చూస్తే చెవుడనుకునేవారు.

ఆ రోజుల్లోనే అంబాజీపేట కొబ్బరి వర్తకులు పెద్ద మిషన్ ఒకటి కావాలన్నారు. బంగారరాజుగారు న్యాయం పాటిద్దామనుకుని, ఫ్రేమూ రోలర్లూ పెద్దల్లుడికి, మూతా తొట్టీ చిన్నల్లుడికి పంచారు. పంచి ఊరుకున్నారా, ఇంకో మాట కూడా అన్నారు.

"నా మోకాళ్ళు ఇంక షెడ్డు తిరగనివ్వట్లేదు. ఈ మిషన్ నడిచిన రోజున తాళాలు మీ ఇద్దర్లో ఒకరి చేతికిచ్చేస్తాను. ఎవరికన్నది మీ పనే చెప్తుంది."

తాళాలు! ప్రసాద్‌కి ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఇన్నేళ్ళూ తాను చెమటోడ్చిన షెడ్డు తాళాలు నిన్నగాక మొన్న విమానం దిగినవాడి మొలలో వేలాడితే, ఇంక తాను ఏ మొహం పెట్టుకుని ఈ ఊళ్ళో తిరగాలి? అదే ధ్యాస. తింటున్నా అదే, పిల్లల్ని బడికి దింపుతున్నా అదే.

కంప్యూటర్లో మిషన్ మొత్తం కలిపి ఒకటే అసెంబ్లీ. ఆ ఫైలు రెండు బల్లల మీదా తెరుచుకుంటుంది. అందులో ఏ పార్టుకా పార్టుని విడిగా పట్టుకుని పొడుగు పెంచొచ్చు, లావు తగ్గించొచ్చు, జరపొచ్చు. అడ్డమొచ్చిన పార్టుని కాసేపు దాచుకోవచ్చు కూడా. దాచినంత మాత్రాన అది లేకుండా పోదు. ఉన్నచోటే ఉంటుంది, మన కంటికి ఆనదు, అంతే. పని అయ్యాక మళ్ళీ అన్నీ బయటికి తెచ్చి, ఒక దాంట్లోకి ఒకటి చొచ్చుకుపోయిందేమో తనిఖీ చేసుకోవాలి. చొచ్చుకుపోయిన మేర ఎర్రగా చూపిస్తుంది. చదువుకునే కుర్రాళ్ళకి కూడా మొదటి వారంలోనే చెప్పే పాఠం ఇది.

మన ఘనుడు ఏం చేశాడు? దాచిన పార్టుల్ని తనిఖీలో కలపొద్దని టిక్కు పెట్టేసుకున్నాడు. ఆ మూత మొహం చూడాల్సిన ఖర్మ తనకెందుకని! అవతల ఆ ఖతార్ మేధావి తక్కువ తిన్నాడా? వాడూ వీడి రోలర్లని దాచేసే పని చేసుకునేవాడు. పైగా రోలర్ పార్టు పేరుని 'పాత సామాను' అని మార్చి సేవ్ చేశాడు. మర్నాడు ప్రసాద్ అది చూసి పళ్ళు నూరి, మూత పేరుని 'ఎడారి టోపీ' అని మార్చాడు. ఒక్క మిషన్లో నిలబడాల్సిన పార్టులు ఒకదాన్నొకటి కన్నెత్తి చూడకుండా తయారయ్యాయి.

అలా ఉండగా ఒకరోజు నమూనా కాయలు ఒలిచి చూస్తే ముదురు కాయల డొక్క జారిపోతోంది. ముల్లు సరిగా దిగట్లేదు. ప్రసాద్ వచ్చి కూర్చుని, మూతని దాచి, ముల్లుని పట్టుకుని పొడుగు అరంగుళం పెంచాడు. ఒక్క ముల్లుకి పెంచితే అన్ని ముళ్ళూ పెరుగుతాయి. తనిఖీ బటన్ నొక్కాడు. ఎక్కడా ఎరుపు లేదు. ఎందుకుంటుంది, మూతే లేకపోతే? కొత్త కొలత ఏసుపాదానికిచ్చి, "రేపట్నించి చూడు, ఎలా కొరుకుతుందో" అని మీసం దువ్వుకున్నాడు.

వర్తకులకి మిషన్ నడిపి చూపించే ముందురోజు సాయంత్రం ఏసుపాదం చేతులు గుడ్డకి తుడుచుకుంటూ గదిలోకి వచ్చాడు. ఎదురెదురుగా ఇద్దరూ ఉన్నారు. ఎవరి మొహం చూసి చెప్పాలో తెలీక, మధ్యలో ఉన్న ప్రింటర్ వైపు చూస్తూ మొదలుపెట్టాడు.

"మూత కూర్చోట్లేదండి. ముందు రేకు ముళ్ళకి తగిలేస్తందండి."

"మూత ఎవరిది?" అన్నాడు ప్రసాద్.

"చిన్నల్లుడుగారిదండి."

"మరి నన్నడుగుతావేం?"

యశ్వంత్ తల ఎత్తకుండానే అన్నాడు. "ఏసుపాదం, నా మూత కొలత ప్రకారం ఉంది. దానికి ఏది వచ్చి తగులుతుందో ఆ వస్తువు తాలూకు మనిషిని అడగమను."

"ఏసుపాదం, నా రోలర్లు అంగుళం కూడా జరగలేదని చెప్పు."

"ఏసుపాదం, మూత కూడా నిన్నెక్కడుందో ఇవాళా అక్కడే ఉందని చెప్పు."

ఏసుపాదం తల అటూ ఇటూ తిప్పి తిప్పి అలిసిపోయాడు. "అయ్యా, మీకు దణ్ణం పెడతానండి. పెద్దాయన అంబాజీపేట వెళ్ళేరు, ఫోన్ ఎత్తట్లేదు. పొద్దున్నే వర్తకులు వచ్చేస్తారు. కొంచెం ఇద్దరూ కలిసి ఆ కంప్యూటర్లో ఒక్కసారి చూడండి బాబూ."

యశ్వంత్ లేచి బ్యాగు భుజానికి తగిలించుకున్నాడు. "నా మూతకి ఏ లోటూ లేదు. తగిలేదాన్ని తగలకుండా చూసుకోండి" అని గోడకి చెప్పి, బండి స్టార్ట్ చేసుకుని వెళ్ళిపోయాడు.

"నన్నేం చెయ్యమంటారండి మరి?" అన్నాడు ఏసుపాదం ప్రసాద్‌తో.

"నీ ఇష్టం. అది నా పార్టు కాదు. నాకు చెప్పకు."

ఏసుపాదం "ఆయ్, అలాగేనండి" అని గొణుక్కుంటూ షెడ్డులోకి పోయాడు.

గదిలో ఒంటరిగా మిగిలాక ప్రసాద్‌కి మనసాగలేదు. ఎవరూ చూడట్లేదు కదా అని, దాచినవన్నీ బయటికి తెచ్చాడు. మూత వచ్చి రోలర్ల మీద వాలింది. ఎన్నాళ్ళకో దాని మొహం చూశాడు. నిజం చెప్పాలంటే ముచ్చటగానే ఉంది, వంపు రేకు చక్కగా దిద్దినట్టుంది. అది ఇంకా మండించింది. తనిఖీ నొక్కాడు. రేకు పొడుగునా ఎర్రటి చుక్కలు. ప్రతి ముల్లు కొనా రేకులోంచి అవతలికి పొడుచుకొచ్చి ఉంది. పాత పొడుగైతే తగిలేదే కాదు.

తన అరంగుళమే. మూత తప్పు రవంత కూడా లేదు.

ముల్లు మీద నొక్కితే పొడుగు అంకె గడిలోకి వచ్చింది. పాత అంకె కొట్టాడు. ఎంటర్ నొక్కితే ఎరుపంతా పోతుంది. లేచి షెడ్డులోకెళ్ళి, ఏసుపాదం, పొరపాటు నాదే, ముళ్ళు అరంగుళం అరగదియ్యి అంటే చాలు, ఇద్దరు కుర్రాళ్ళని పెట్టుకుని తెల్లారేసరికి పూర్తి చేస్తాడు. చిన్న మాట. కాని ఆ మాట రేపు యశ్వంత్ చెవిన పడుతుంది. మళ్ళీ పులిహోర, మళ్ళీ జాతకం, మళ్ళీ ఆ నవ్వు. తాళాలు వాడి మొలకి.

అదే నోరు మూసుకుంటే? మూత కూర్చోదు. వర్తకుల ఎదుట మూత లేని మిషన్ నిలబడుతుంది. మూత ఎవరిదయ్యా అంటారు. చిన్నల్లుడిది. అంతే కథ. ఇంతకాలం తను పడ్డ అవమానానికి పైసలతో సహా బదులు తీరుతుంది. ఛీ, మనిషి బుద్ధి ఎంత దూరమైనా పోతుంది చూడండి, ఆ నిమిషంలో ప్రసాద్‌కి కడుపు చల్లగా అనిపించింది.

అంకె చెరిపేశాడు. మూత మీదకి మౌసు తీసుకెళ్ళి కుడి బటన్ నొక్కి, మళ్ళీ దాచేశాడు. సేవ్ చేసి, కంప్యూటర్ ఆపేసి, చెప్పులేసుకున్నాడు. గేటు దాటుతుంటే షెడ్డులో గ్రైండర్ కీచుమని మొదలైంది. ఏం కోసుకుంటాడో కోసుకోనీ అనుకుని బండెక్కాడు.

మర్నాడు షెడ్డు కళకళలాడింది. బంగారరాజుగారి దగ్గర ఒక ఆనవాయితీ ఉంది. కొత్త మిషన్ ఏది తయారైనా మొదటి కాయ ఇంటి పెద్దాడపిల్ల చేతే వేయించాలి. కామాక్షి గౌను తొడుక్కున్నప్పటి నుంచీ అదే పద్ధతి. ఆ కామాక్షే ప్రసాద్ భార్య. పట్టుచీర కట్టుకుని, చేతినిండా ఆకుపచ్చ గాజులు వేసుకుని, పసుపూ కుంకుమా పళ్ళెంలో పట్టుకుని వచ్చింది. నలుగురు వర్తకులు కుర్చీల్లో కూర్చున్నారు. యశ్వంత్ స్తంభానికున్న స్విచ్చి దగ్గర నిలబడ్డాడు.

మూత లేని మిషన్ని చూద్దామని వచ్చిన ప్రసాద్‌కి మూత కనిపించింది. బుద్ధిగా రోలర్ల మీద కూర్చుని ఉంది. ముందు అంచు పొడుగునా ఒత్తుగా బంతిపూల దండ చుట్టారు. ఎలా కూర్చుంది? మొహం మాడిపోయింది. ఎలా కూర్చుందో ఆలోచించాలనే ఇంగితం కూడా లేకుండా, వాడి అదృష్టం బాగుందిలే అని కుళ్ళుకుంటూ ఓ మూల నిలబడ్డాడు.

కామాక్షి మిషన్‌కి బొట్లు పెట్టింది. కొబ్బరికాయ కొట్టింది. "కానీ అమ్మా" అన్నారు బంగారరాజుగారు. యశ్వంత్ స్విచ్చి వేశాడు. రోలర్లు రెండూ గర్రున తిరగడం మొదలుపెట్టాయి.

కామాక్షి కాయ తీసుకుని సందులో పెట్టింది. ముళ్ళు ముందు కాయని కాదు, దండని అందుకున్నాయి. బంతిపూలు తెగి లోపలికి లాక్కుపోయాయి. దండ కింద మూత అంచు బయటపడింది. అక్కడ వంపు రేకు లేదు. గ్రైండర్‌తో కోసేసిన తెల్లటి గీత మెరుస్తోంది. దాని కింద అరచెయ్యి దూరేంత సందు. ఆ సందులోకి కాయని అదిమి పట్టుకున్న కామాక్షి చెయ్యి.

"ముళ్ళు పొడుగున్నాయే! చెయ్యి తియ్యి కామాక్షీ!" ప్రసాద్ గావుకేక పెట్టి ముందుకి దూకాడు. "తమ్ముడూ, స్విచ్చి! యశ్వంత్, స్విచ్చి ఆపు!"

యశ్వంత్‌కి వినపడింది. వినపడగానే, ఇన్నాళ్ళుగా అలవాటైనట్టే, ఆ మొహం దానంతటదే అవతలికి తిరిగింది. ఒక్క క్షణం. తనని పేరు పెట్టి పిలుస్తున్నాడని, నిజంగా తననే పిలుస్తున్నాడని బుర్రకెక్కడానికి అంత మాత్రం పట్టింది. ఎక్కాక స్విచ్చి మీదకి ఉరికాడు.

అప్పటికే కామాక్షి కేక షెడ్డు కప్పుకి తగిలింది. ఆకుపచ్చ గాజుముక్కలు నేలంతా చెల్లాచెదురయ్యాయి.

కుడిచేతి చూపుడువేలికీ మధ్యవేలికీ పై కణుపులు పోయాయి. మిగిలిన చెయ్యి దక్కడమే గొప్పన్నారు డాక్టరుగారు. ఆసుపత్రి వసారాలో బంగారరాజుగారు యశ్వంత్ చొక్కా పట్టుకుని కుదిపేశారు.

"మూత నీది! ఆ రేకేదయ్యా? నా పిల్ల చెయ్యి తినేసేవు కదయ్యా!"

యశ్వంత్ ఏడుస్తూ అలాగే నిలబడ్డాడు. ఏసుపాదం కాళ్ళ మీద పడ్డాడు. "నేనే కోసేనండి. రేకు తగిలేస్తందని ఇద్దర్నీ అడిగేనండి. ఎవరూ చెప్పలేదండి, ఇంక మూత కూర్చోవాలి కదాని కోసేనండి."

'ఇద్దర్నీ' అన్న మాట బంగారరాజుగారి కోపంలో కొట్టుకుపోయింది. ప్రసాద్ చెవిలో మాత్రం పడింది. అప్పుడైనా నోరు విప్పొచ్చు. నాదే తప్పు మావయ్యగారూ, ముళ్ళు పెంచింది నేను, ముందురోజే చూశాను అనొచ్చు. తమ్ముడూ అని అరిచిన నోరు మళ్ళీ మూతపడిపోయింది. యశ్వంత్ శ్రీదుర్గని తీసుకుని తన అమ్మగారి ఊరు కాట్రేనికోన వెళ్ళిపోయాడు. ఇంక షెడ్డు గుమ్మం తొక్కనని చెప్పి మరీ పోయాడు.

కామాక్షిని ఇంటికి తీసుకొచ్చారు. హాల్లో ఫ్యాను కింద మంచం వేసి, కట్టు కట్టిన చేతికింద దిండు పెట్టారు. ప్రసాద్ పక్కనే స్టూలు మీద కూర్చుని కమలాపండు తొనలు ఒలిచి అందిస్తున్నాడు. ఆమె ఒకటి తిని, రెండోది తీసుకోలేదు.

"ఏవండీ, ఒకటడుగుతాను."

"అడుగు."

"కాయ పెట్టేటప్పుడు మీరో కేక పెట్టేరు. ముళ్ళు పొడుగున్నాయే అన్నారు. రేకు లేదు అనలేదు, చెయ్యి పోతుంది అనలేదు, ముందు నోట్లోంచి వచ్చింది ముళ్ళు పొడుగని. ఆసుపత్రిలో పడుకుని అదే ఆలోచిస్తున్నాను." కామాక్షి అతని కళ్ళలోకి చూసింది. "ముళ్ళు పొడుగని మీకు ముందే తెలుసా?"

ప్రసాద్ చేతిలో తొన నలిగి రసం మణికట్టు మీదికి కారింది. తెలీదనాలని నోరు తెరిచాడు. తెరిచి, తల వంచుకుని ఇంకో తొన ఒలవడంలో పడ్డాడు. ఆమె ఇంకాసేపు చూసింది. ఎదురుచూసింది. తర్వాత మెల్లిగా చూపు తిప్పేసుకుంది, అతని భుజం మీంచి వెనక గోడ మీదకి.

వీధి తలుపు చప్పుడైంది. బంగారరాజుగారు మోకాళ్ళు పట్టుకుంటూ లోపలికి వచ్చారు. జేబులోంచి షెడ్డు తాళాల గుత్తి తీసి ప్రసాద్ చేతిలో పెట్టారు.

"ఇంక మీరే చూసుకోవాలి అల్లుడుగారూ. నమ్మదగ్గ మనిషి మీరొక్కరే మిగిలేరు నాకు."

కోరుకున్న తాళాలు. అరచేతిలో చల్లగా, బరువుగా ఉన్నాయి. ప్రసాద్ ఏమనాలో తెలీక పెళ్ళాం వైపు చూశాడు. స్టూలు మీద మనిషే లేనట్టు, ఆమె తండ్రి మొహంలోకే చూస్తోంది.

"నాన్నా, ఆయన్ని కొంచెం పక్కకి జరగమని చెప్పండి" అంది. "గాలి తగలట్లేదు."

బంగారరాజుగారు తికమకగా కూతురి వంకా అల్లుడి వంకా చూశారు. చేతికందేంత దూరంలో ఉన్న మొగుడికి ఆ మాట తనెందుకు చెప్పాలో ఆయనకి అర్థం కాలేదు. అయినా అమ్మాయి అడిగింది కదా అని చెప్పారు.

"అల్లుడుగారూ, కాస్త జరగండి. అమ్మాయికి గాలి తగలట్లేదంట."

ప్రసాద్ తాళాలు పట్టుకుని లేచి, స్టూలు పక్కకి జరుపుకున్నాడు.